గీత ఉన్న వీధిలోకి పోవద్దన్నాను

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. బడి కూడా నాకు తిరిగి దండం పెట్టింది. ఇద్దరికీ బాధ లేదు. ఆ తరవాత చాలా ఏళ్లు వెబ్‌సైట్లలో సెర్చ్ పని చేశాను. సైట్ తెరిచి, మూలన ఉన్న చిన్న గడిలో ఒక పేరు కొట్టి ఎంటర్ నొక్కుతారు కదా, ఆ నొక్కిన తరవాత ఏం కనపడాలి, ఏం కనపడకూడదు అని ముందే చూసి పెట్టేవాణ్ణి.

చాలామంది అనుకున్నట్టు, మీరు నొక్కగానే యంత్రం ఎక్కడికీ పరుగెత్తదు. అది అంతకుముందే, మనం అన్నం తినేటప్పుడో టీ తాగేటప్పుడో, ఒక లింకు పట్టుకుని ఇంకో లింకుకు నడుచుకుంటూ సైట్ అంతా తిరిగి, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకుని వచ్చి కూర్చుంటుంది. దానికి ఇంగ్లీషులో మంచి పేరే ఉంది గానీ నేను మాత్రం తిరుగుబోతు అని పిలిచేవాణ్ణి. ఆ తిరుగుబోతుకు మనం చెప్పాల్సినవి రెండే. ఏ గుర్తులను మాటలో భాగంగా చదవాలి, ఏ వీధుల్లోకి పోకూడదు. సైట్‌లో వీధులంటే ఫోల్డర్లు. ఈ రెండూ ఒక చిన్న ఫైల్లో రాస్తాం. రెండు చేతులా పట్టుకుంటే నా ఉద్యోగమంతా ఆ ఫైలంతే ఉంటుంది.

నాకు మాత్రం కళ్లు మూసుకుంటే అది ఫైలులా కనపడేది కాదు. మంచు పట్టిన ఊరు కనపడేది. ఎవరూ లేవని వేళలో ఒక మనిషి చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా, ప్రతి గడప మీద పేరు చదువుకుంటూ పోతుంటాడు. ఏ వీధి మొగలో నేను అడ్డంగా కర్ర పెట్టానో ఆడ ఆగి, వెనక్కి తిరుగుతాడు. యాల, ఎందుకు అని ఎప్పుడూ అడగడు. మీరు భయపడాల్సింది అక్కడే.

మండీలో నేర్చింది

తొంభైల మొదట్లో మదనపల్లె టమోటా మండీలో గంపలకు చీటీలు పెట్టేవాణ్ణి. తెల్లారే సరికి మంచు, ఆ మంచులోంచి ఎర్రగా తేలివచ్చే గుట్టలు, తడిసిన గంపల వాసన. ఒక రైతు వచ్చి "నా సరుకు యాడుండాది అప్పా?" అంటాడు. పేరడిగితే వెంకటరమణ. మండీలో వెంకటరమణా అని కేకేస్తే సగం మంది తిరిగి చూస్తారు. ఊరడిగితే బి.కొత్తకోట. అయినా నలుగురైదుగురు మిగులుతారు. అప్పుడు ఆయన విసుక్కుంటాడు.

"నా గంపల మింద యాపాకు కప్పినాను సూడు. ఆ మాత్రం తెలీదా నీకు?"

చీటీ మీద వేపాకు అని ఎవడు రాస్తాడు? నేను మర్నాటి నుంచి రాశాను. వెదికేవాడి మనసులో ఉండే గుర్తు వేరు, రాసేవాడు రాసే గుర్తు వేరు. ఈ రెంటికీ మధ్య ఉండే ఖాళీలోనే మన ఉద్యోగం.

పట్టు దారం అంగడి మీద మిద్దెలో శేషాద్రి సార్ అని ఒకాయన కంప్యూటర్ సెంటర్ పెట్టారు. మండీ చీటీలు టైపు కొట్టించడానికి పోయేవాణ్ణి. ఒకరోజు ముందురోజు కొట్టిన చీటీ ఎంత వెదికినా ఆయనకు దొరకలేదు.

"సార్, మా మండీలో అన్ని గంపల్లో ఒక గంపను కళ్లు మూసుకుని చూపిస్తా. మీ పెట్టెలో ఉండేది ఒక్క చీటీ."

ఆయన కుర్చీలోంచి లేచారు. "అయితే నువ్వే కూర్చో."

కూర్చున్నాను. అంతే నాకు జరిగిన ఇంటర్వ్యూ.

గంగులప్ప ఆవు

కొన్నేళ్లకు సార్ పుంగనూరులో రెండు గదులు తీసుకుని వెబ్‌సైట్ల పని మొదలుపెట్టారు. పొట్టి ఆవులు పెంచేవాళ్ల వివరాలతో ఒక సైట్ చేశాం. ప్రతి ఆవుకూ ఒక నంబరు: ఇంటి నంబరు, ఏటవాలు గీత, ఆ ఇంట్లో ఆవు నంబరు. 148/3 అంటే నూటనలభై ఎనిమిదో ఇంటి మూడో ఆవు. మాకు ముచ్చటగా ఉండింది.

గంగులప్ప అనే పెద్దాయన వచ్చి తన ఆవును కంప్యూటర్లో చూపించమన్నాడు. 148/3 అని కొట్టాను. ఆయన ఇంట్లో ఆవులన్నీ వచ్చాయి, దూడలతో సహా.

"ఒక ఆవును అడిగితే మందనంతా తోలుకొస్తాండాది కదప్పా. పాలు పితకాలని ఉండాదేమో దానికి."

జరిగింది ఏమిటంటే, తిరుగుబోతుకు ఏటవాలు గీత కనపడగానే మాట అయిపోయిందనుకుంటుంది. 148 ఒక మాట, 3 ఇంకో మాట. పైగా మరీ పొట్టి మాటలను అది లెక్కలోకే తీసుకోదు. అందుకని 3 ని వదిలేసి 148 మొత్తాన్నీ తెచ్చింది. పొట్టి ఆవుల సైట్‌లో పొట్టి మాటల మీద చిన్నచూపు.

నాకు ఉత్సాహం ఎక్కువైంది. ఏటవాలు గీతతో పాటు చుక్క, కామా, బ్రాకెట్టు, కీబోర్డు మీద ఉండే గుర్తులన్నీ మాటలో భాగమే అని ఫైల్లో రాసేశాను. మర్నాడు గంగులప్ప తన పేరు కొట్టమన్నాడు. ఏమీ రాలేదు. పేజీలో ఆయన పేరు పక్కనే కామా ఉంది. ఇప్పుడు యంత్రానికి కామాతో కలిపి ఉన్నదే ఆయన పేరు.

"నిన్న మంద వచ్చె, ఈ పొద్దు నేనే పోతిని," అన్నాడు గంగులప్ప. "రేపు వస్తే నీ ఆఫీసు ఉంటాదా?"

ఏటవాలు గీత ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాను. గుర్తుల విషయంలో నా సలహా ఇంతే. ఆ ఊళ్లో, ఆ పనిలో జనం నోటికి వచ్చే నంబరు ఎట్లా ఉంటుందో కూర్చుని వినండి. పుస్తకంలో ఉన్న పట్టిక తెచ్చి అంటించకండి.

సార్ మీద రాసిన పేజీ

ఇంకో తప్పు నాలుకది. కొత్తగా ఏం చేసినా పరీక్షించడానికి ఒక ఉత్తుత్తి పేజీ కావాలి. అందులో ఏదో ఒకటి రాయాలి కదా. నేను సార్ గురించి రాసేవాణ్ణి. శేషాద్రి సార్ ఫ్యాను కింద కూర్చోరు, పక్క జుట్టును నడినెత్తి మీదికి తెచ్చి అతికించిన శ్రమంతా ఒక్క గాలితో వృథా అవుతుంది కాబట్టి, అని ఒక పేజీ నిండా.

ఒకరోజు బయటి నుంచి పెద్దమనుషులు సైట్ చూడ్డానికి వచ్చారు. వాళ్లలో ఒకాయన మర్యాదకు సార్ పేరు కొట్టాడు. అన్నిటికంటే పైన నా పేజీ వచ్చింది. పేజీలో ఆయన పేరు అన్ని సార్లు ఉంటే రాక ఏమవుతుంది?

సార్ మొత్తం చదివారు. నిదానంగా.

"రెడ్డెప్పా, ఒక్క తప్పు ల్యా. బాగా రాసినావు," అన్నారు. వారం రోజులు ఫ్యాను కిందే కూర్చున్నారు. జుట్టు ఎటు పోతే అటు పోనిచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వారమంతా నేను తలెత్తి ఫ్యాను వైపు చూడలేదు. మంచి పెద్దలు మీకు దొరికితే వాళ్ల దగ్గర తిట్లు తినే అదృష్టం ఉండదని తెలుసుకోండి.

ఎనిమిదో రోజు మాత్రం చెప్పారు. "జనం చూడకూడని వీధులన్నీ మూసెయ్."

మూసేశాను. పరీక్ష పేజీల ఫోల్డరు, పాత పేజీల ఫోల్డరు, తాత్కాలికం అని పేరు పెట్టినవి అన్నీ. ఇంకోటి కూడా. మేము పేజీలు రాసే సాఫ్ట్‌వేర్ ప్రతి ఫైలుకూ ఒక పాత నకలు దాచి, దాని పేరు చివర ఒంకర గీత తగిలించేది. కీబోర్డులో ఎడమ పక్క పైన, మొట్టమొదటి మీట మీద ఉంటుంది ఆ గీత, చిన్న అలలాగా. నకళ్లు బయటపడకూడదని, అడ్రసులో ఆ గీత కనపడితే పోవద్దు అని రాశాను. చివర ఉంటేనే అని రాయాలి. నేను ఎక్కడ ఉన్నా అని రాశాను. ఒక్క గుర్తు తేడా. సిగ్గుపడ్డ మనిషి అవసరానికి మించి తలుపులు మూస్తాడు.

ఏనుగు సంతకం

రెండువేల సంవత్సరం దాటాక నన్ను కుప్పం పంపారు. ఊళ్ల నుంచి వచ్చే అర్జీల పట్టికలను సైట్‌లో పెట్టడం మా కాంట్రాక్టు. పుంగనూరులో రాసిన ఆ చిన్న ఫైలునే ఇక్కడికీ తెచ్చి పెట్టుకున్నాను. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండేవి. టైపు కొట్టేది భువన. అడవి అంచు తమిళం, మా తెలుగు రెండూ కలిపి మాట్లాడే పిల్ల. కాగితం ఎత్తితే దేవుడికి చెప్పకుండా దించదు. అట్లాంటివాళ్ల చేతిలో తప్పులు తక్కువ.

ఆ ఏడాది రామకుప్పం పక్క ఏనుగులు దిగి చేలు తొక్కాయి. దెబ్బతిన్నవాళ్లు అర్జీలు ఇచ్చారు. పరిశీలించేవాళ్లు వచ్చి చేను కళ్లారా చూసి రాసుకుంటేనే సాయం. ఎవరి చేలకు పోవాలో జాబితా మేము ఇవ్వాలి. నేను సెర్చ్‌లోంచే ఊరివారీగా పేర్లు తీసి ప్రింటు కొట్టేవాణ్ణి. ఇక కాగితాలు తిప్పే పనేముంది అని గర్వపడేవాణ్ణి.

మునెమ్మ మొదటిసారి వచ్చినప్పుడు భువన ఊళ్లో లేదు, చెల్లెలి పెళ్లికని కృష్ణగిరి పోయింది. మునెమ్మకు యాభై ఏళ్లుంటాయేమో. తలగుడ్డ తీసి మడిచి చంకలో పెట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"నా పేరు ఉండాదేమో సూడప్పా. సేను దున్నకుండా పెట్టుకోని ఉండాను."

కొట్టాను. లేదు. భర్త పేరు కొట్టాను. లేదు.

"ల్యాదమ్మా," అన్నాను.

పోయింది. వారానికి మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో వాన పడింది. చుట్టూ అందరూ రాగి విత్తుతున్నారు. ఆమె దున్నితే ఏనుగు అడుగులు పోతాయి, చూపించడానికి ఏమీ మిగలదు. దున్నకపోతే పదును పోతుంది, ఏడాది పంట పోతుంది. పరిశీలించేవాళ్లు సోమవారం వస్తారు. ఆ రోజు శుక్రవారం.

మళ్లీ కొట్టాను. మళ్లీ లేదు. నా నోరు ఊరుకోదు కదా.

"అర్జీ ఇచ్చింది నువ్వేనామ్మా, ఏనుగు ఇచ్చిందా? దానికి ఇంగ్లీషు స్పెల్లింగు రాక పోయిండవచ్చు."

ఆమె నవ్వలేదు. కోప్పడనూ లేదు. "యానుగు సంతకం పెట్టి పోయిండాది నా సేన్లో. నీ పెట్టెలో సూసింది సాలు. వచ్చి ఆడ సూడు."

ఎందుకు లేచానో ఇప్పటికీ తెలీదు. ఆమె వెనకే బస్సెక్కాను.

ఆ చేను నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. రెండు చేల మధ్య, కొత్తగా దున్నిన ఎర్రమట్టి మధ్య, ఇదొక్కటే పాతబడ్డ దుప్పటిలా పరుచుకుని ఉంది. అందులో అడుగులు. ఒక్కొక్కటి రాగి సంగటి చేసే కుండ మూతంత. వాన నీళ్లు నిండి, ఒక్కొక్క అడుగులో ఒక్కొక్క ఆకాశం. మేఘం నడుస్తుంటే అది ఒక అడుగులోంచి ఇంకో అడుగులోకి, ఇంకో అడుగులోకి పోతోంది. ఏనుగు మళ్లీ నడిచిపోతున్నట్టే ఉంది, చప్పుడు లేకుండా. చిన్న కప్పలు అప్పుడే కాపురాలు పెట్టేశాయి. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. నా తిరుగుబోతు ఇట్లాంటి చోటికి రాకుండా యాడ తిరిగిందో అనుకున్నాను.

మునెమ్మ పైటకొంగు ముడి విప్పి మడిచిన కాగితం తీసింది. అర్జీ నకలు. "మీ ఆఫీసు పాప ఇచ్చింది, టైపు కొట్టి. నేను పక్కనే నిలబడి సూసినాను."

కాగితం పైన మధ్యలో, అన్నిటికంటే ముందు, పెన్నుతో చుట్టిన చిన్న సుడి. కుప్పం పక్క ఉత్తరమైనా పద్దయినా ఏది మొదలుపెట్టినా పైన వినాయకుడి పేరున వేసే గుర్తు. పిళ్ళారి సుళి అంటారు. దాన్ని చూశాను గానీ నాకేమీ తట్టలేదు. చూడ్డానికీ తట్టడానికీ మధ్య ఒక రాత్రి పట్టింది.

మొదటి మీట

శనివారం పొద్దున భువన పెళ్లి నుంచి వచ్చింది, చేతులకు గోరింటాకుతో.

"భువనా, మునెమ్మ వాళ్ల పల్లె అర్జీలు కొట్టినావా?"

"అన్నిటికంటే ముందు కొట్టింది అదేనన్నా. ఏనుగుల కట్టలో మొదటి పల్లె అదే."

"మరి యాడ పెట్టినావు?"

"ఆడే ఉండాది. సుళి ఏసి పెట్టినాను."

"కాగితం మీద కదా సుళి ఏసింది?"

"ఫోల్డరుకు కూడా ఏసినానన్నా. కొత్త పని మొదలుపెడతా ఎట్లా ఏయకుండా ఉండేది? కీబోర్డులో మొట్టమొదటి మీట మింద ఉంటాది కదా, ఒంకరగా, అచ్చం అట్లనే. దేవుడికోసరమే ఆడ పెట్టిండారని అనుకున్నా."

ఊరందరికీ మేలు జరగాలని ఆ పిల్ల దేవుణ్ణి పెట్టిన వీధి మొగలోనే నేను కర్ర అడ్డం పెట్టాను. మిగతా పల్లెల ఫోల్డర్లకు సుళి లేదు, మొదటిదానికి వేస్తే చాలు కదా. అందుకే మిగతావన్నీ దొరికాయి. ఆ ఒక్క పల్లె మొత్తం, గడప గడపా, లేకుండా పోయింది.

ఫైలు తెరిచి, గీత చివర ఉంటేనే పోవద్దు అని మార్చి తిరుగుబోతును పంపాను. తిరిగి వచ్చింది. పేరు కొట్టాను. లేదు. ఇంకోసారి కొట్టాను. లేదు. భువన నా వెనక నిలబడి గోరింటాకు చేతులు నలుపుకుంటోంది.

"సుళి తీసేద్దామా అన్నా?" అని భయంగా అడిగింది.

"నువ్వు తీయొద్దు. తీయాల్సింది నేను."

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని చోట్ల సైట్ ఆ గీతను గీతగా రాయదు. శాతం గుర్తు, ఏడు, ఇంగ్లీషు E అక్షరం, ఈ మూడూ కలిపి మారుపేరుతో రాస్తుంది. నేను తెలివైనవాణ్ణి కదా, ఎప్పుడో పుంగనూరులోనే ఆ మారుపేరుకు కూడా ఇంకో కర్ర పెట్టి ఉన్నాను. అదీ తీశాను. మళ్లీ పంపాను. ఇద్దరం టీ తెప్పించుకుని తాగకుండా కూర్చున్నాం. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ కీబోర్డు మీద పడి మెల్లగా జరుగుతోంది. తిరుగుబోతు ఆ పల్లెలోకి పోతూ ఉంటుంది ఇప్పుడు, చెప్పులు చేతిలో పట్టుకుని, అనుకున్నాను.

పేరు కొట్టాను. మునెమ్మ వచ్చింది. ఆ వెనకే పల్లె అంతా వచ్చింది.

భువన కళ్లకద్దుకుంది, దేన్నో నేను చూడలేదు.

లేదు అనే మాట

సోమవారం పరిశీలించేవాళ్లతో నేను కూడా పోయాను. వాళ్లు మునెమ్మ చేను చుట్టూ తిరిగి, కొలిచి, రాసుకున్నారు. వాళ్లు గట్టు దిగగానే ఆమె నన్ను అడిగింది.

"ఇంగ దున్నుకోవచ్చునా అప్పా?"

"దున్నుకోమ్మా," అన్నాను. అనే హక్కు నాకు లేదు. అయినా అన్నాను.

ఆమె కాడికి ఎద్దులు కట్టే ఉంచింది. మొదటి చాలు పోయి ఒక అడుగును తెంచగానే అందులో ఆకాశం ఒక్కసారిగా చాల్లోకి పారింది.

కథ ఇక్కడ ఆపితే నాకు బాగుంటుంది. కానీ ఆ పక్కనే చిన్నప్ప చేను ఉంది. అందరికంటే ముందు, మొదటి వారంలోనే మా ఆఫీసుకు వచ్చి పేరు అడిగిన మనిషి. అతనికీ ల్యాదు అన్నాను. ఎట్లా అన్నానో కూడా గుర్తులేదు, టీ తాగుతూ అని ఉంటాను. ఇప్పుడు అతని చేను చదునుగా, తడిగా, విత్తి ఉంది. ఒక్క అడుగు లేదు. మునెమ్మ సాక్ష్యం చెప్పింది, నేనూ చెప్పాను, తప్పు నాదని కూడా చెప్పాను. కళ్లకు కనపడిందే రాయగలం అన్నారు వచ్చినవాళ్లు. వాళ్లనూ ఏమీ అనలేను. కనపడిందే ఉన్నదని నేనూ అన్నవాణ్ణే కదా.

చిన్నప్ప గట్టు మీద నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోయాను. నా దగ్గర జోకు లేని రోజు అదొక్కటే.

"నువ్వు ల్యాదంటివి కదప్పా," అన్నాడు. "దున్నేస్తిని."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. వాన పడింది, విత్తాను అన్నట్టే అన్నాడు.

కుప్పం తిరిగొచ్చి నేను చేసిన మొదటి పని యంత్రం చెప్పే మాట మార్చడం. అప్పటిదాకా దొరకనప్పుడు 'లేదు' అని చూపించేది. దాని బదులు, నేను తిరిగిన చోట దొరకలేదు, నేను తిరగని చోట్లు ఇవి, అని రాసి, కింద మూసిన వీధుల పేర్లన్నీ కనపడేట్టు పెట్టాను. బల్ల దగ్గర కూర్చున్నవాడు ఆ పేర్లు చదివి, పోయి తలుపు తెరిచి చూసి, అప్పుడు మాట్లాడాలి. సార్ పుంగనూరు నుంచి ఫోన్ చేసి, వాక్యం పొడుగైంది రెడ్డెప్పా, జనం చదవరు అన్నారు. సార్ ఏం చెప్పినా వినేవాణ్ణి. అది మాత్రం వినలేదు.

ఆ తరవాత ఎన్ని సైట్లు చేసినా, సాఫ్ట్‌వేర్లు ఎన్ని మారినా, ఆ వాక్యాన్ని వెంట పెట్టుకునే పోయాను. ఇప్పుడు పని మానేశాను. ఎప్పుడన్నా రామకుప్పం పక్క బస్సులో పోతే, ఆ పల్లె దగ్గర మలుపులో కిటికీ పక్కకు జరుగుతాను. చిన్నప్ప చేను రాగితో నిండుగానే ఉంటుంది. గాలికి పచ్చగా వంగి లేస్తుంటుంది. బస్సు దాటిపోయేదాకా ఆ పచ్చదనం కింద అడుగుల కోసం వెదుకుతాను.